సున్నా నంబర్ పేషెంటు

పోయిన వారం మనం కోడల్ని అటక నిచ్చెన మూడో మెట్టు మీద, పళ్ల మధ్య టార్చిలైటు పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులూ ఆమె అక్కడే వేలాడుతోందని ఎవరూ దిగులు పడక్కర్లేదు. అదే నిమిషంలో దిగింది. చేతిలో ఒక పాత హార్డ్ డిస్కు ఉంది. దానికి ఒకదాని మీద ఒకటి పదకొండు ప్లాస్టిక్ కవర్లు తొడిగి ఉన్నాయి. కవరుకీ కవరుకీ మధ్య, చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు. అన్నిటికన్నా పై కవరు మీద మామగారి గుండ్రటి చేతిరాత: "ఖాళీ. లోపం ఉంది. అయినా ఉంచవలెను."

మామగారి చీటీ లేని వస్తువు ఆ ఇంట్లో లేదు. పిడి ఊడిన గొడుగు మీద "పిడి దొరికినచో మంచి గొడుగు" అని ఉంటుంది. ఎండిపోయిన పెన్నుల డబ్బా మీద "ఎండినవి" అని ఊరుకున్నారు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏదైనా మూడుసార్లు కొలిస్తే గానీ నమ్మరు. బయటికెళ్లేటప్పుడు తలుపుకు తాళం పడిందో లేదో మూడుసార్లు లాగి చూస్తారు. మూడోసారి లాగాక, మొదటిసారి సరిగ్గా లాగానా అని అనుమానపడతారు.

ఇక కోడలికి ఆ డిస్కుతో ఏం పనంటే, ఆ ఇంట్లో పద్నాలుగు నెలలుగా ఎవరూ కూర్చుని భోంచేయలేదు. డైనింగ్ టేబుల్ మీద అట్టముక్కలతో కట్టిన తోట ఉంది. తోటలో బంకమట్టి నత్త ఉంది. నత్త నెత్తిన ఎర్ర ఉన్ని టోపీ ఉంది. కోడలు ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం మానేసి ఆ నత్తని గోరు మందం జరిపి ఒక ఫొటో, మళ్లీ గోరు మందం జరిపి ఒక ఫొటో తీస్తోంది. పన్నెండు ఫొటోలు వరసగా తిప్పితే తెర మీద ఒక సెకను. పదకొండు నిమిషాల సినిమాకి ఏడువేల తొమ్మిదివందల ఇరవై. అత్తగారు, మామగారు, భర్త వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడి తింటున్నారు. ఊపిరి గట్టిగా వదిలితే నత్త కదిలిపోతుందని హాల్లోకి వచ్చినప్పుడు అందరూ గుసగుసగా మాట్లాడుకుంటారు. పక్కింటివాళ్లు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుని ఆర్నెల్లుగా పరామర్శిస్తున్నారు.

సినిమా పేరు "టోపీ నత్త". ఈ రోజు సాయంత్రం ఆరింటిలోగా పోటీకి చేరాలి. ఆరూ ఒకటికి పంపితే చూడరు. గెలిచినవాళ్లని ఒక బొమ్మల సినిమాల స్టూడియో పనిలోకి తీసుకుంటుంది. ఓడినవాళ్లు ఇన్సూరెన్స్ ఆఫీసుకి తిరిగి వెళ్లొచ్చు. అక్కడ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని పాత మేనేజరు నెలనెలా మెసేజ్ పెడుతూనే ఉన్నాడు.

ఫొటోలన్నీ ఉన్నాయి, కానీ వాటిని కలిపి సినిమాగా చెయ్యడానికి కంప్యూటర్లో చోటు లేదు. ఇంకో నలభై జీబీ కావాలి. తుడవగలిగినవన్నీ తుడిచేసింది. పెళ్లి వీడియో కూడా తుడిచేసింది, ఆ సంగతి భర్తకి ఇంకా తెలియదు. ఆయనగారు కొత్త డిస్కు కొనుక్కొస్తానని ఎనిమిదిన్నరకి బయల్దేరాడు. ఇప్పుడు పదకొండు.

పాత డిస్కు చూడగానే మామగారు చేతులు చాపి అందుకున్నారు. "పరీక్షించకుండా ఏదీ వాడకూడదమ్మా. నేను చూస్తాను. నువ్వు నీ నత్త సంగతి చూసుకో. దీన్నెవరూ ముట్టుకోవద్దు."

కోడలికి అభ్యంతరం లేదు. చివరి నలభై ఫొటోలు మిగిలాయి, నత్త టోపీ తీసి వానకి తల అప్పగించే చోటు. అది పట్టకారుతో ఒంటి చేత్తో చెయ్యాల్సిన పని. మామగారు డిస్కుకి కేబుల్ తగిలించి, డిస్కుల ఆరోగ్యం చూసే ప్రోగ్రామ్ తెరిచి, కొత్త నోటుబుక్కు తీసి, స్కేలుతో గళ్లు గీసుకుని కూర్చున్నారు.

"ఇందులో రెండు వరసలున్నాయమ్మా," అన్నారు గుసగుసగా.

"ఒకటి మన కంప్యూటర్లోది మామయ్యా, ఇంకోటి మీ చేతిలోది. పాతది ఏదో చూసుకోండి," అంది ఆమె వెనక్కి తిరక్కుండా.

"చూసుకున్నాను."

ఆ మాట ఆయన ఎలా అన్నారో ఆ నిమిషంలో ఆమె తిరిగి చూసుంటే ఈ వారం కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అప్పుడే నత్త టోపీ అంచు పైకి లేస్తోంది.

మొదటి పరీక్షకి ఇరవై నిమిషాలు పట్టింది. డిస్కంటే కోట్ల గదులున్న హోటలు లాంటిది. కొన్ని గదులు పాడైతే అది వాటికి తాళం వేసి, వచ్చినవాళ్లని పక్క గదుల్లో సర్దుతుంది. తాళం పడ్డ గదులెన్నో ప్రోగ్రామ్ లెక్క చెబుతుంది.

"పాతది, పదహారు," అన్నారు మామగారు. "మనది, ఎనిమిది."

"మనదానికి కూడా ఉన్నాయా?"

"చిన్న లోపం. వయసు."

రెండోసారి పరీక్షించారు. పాతది నలభై ఎనిమిది. మనది ఎనిమిది.

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మొదట పదహారు, ఇప్పుడు నలభై ఎనిమిది. ఒకే వస్తువుకి రెండు కొలతలు రావు. కొలవడంలో ఎక్కడో తప్పు జరిగింది. ఇంకోసారి చెయ్యాలి."

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు తల బయటపెట్టారు. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఏళ్లు హెడ్ నర్సు. ఆ ఇంట్లో గుసగుస ఆవిడ ఒక్కరికే చేతకాదు.

"తప్పు కాదండీ అది. జ్వరం తొంభై తొమ్మిది నుంచి నూట మూడుకి వెళ్తే థర్మామీటర్ మార్చమంటారా? రోగం ముదిరిందంటారు."

"ఇది జ్వరం కాదు. ఇది లెక్క."

"పేషెంటుని లేపి, పరిగెత్తించి, ఆయాసం వస్తోందా అని అడుగుతున్నారు మీరు. వస్తోంది మరి! మళ్లీ పరిగెత్తిస్తానంటారేంటి?"

"మూడుసార్లు చెయ్యందే నేను రాయను."

మూడోసారి చేశారు. పాతది నూట పన్నెండు. మనది ఎనిమిది. మామగారు మూడు గళ్లూ నింపి, గీత గీసి, గీత కింద "తిరస్కరించడమైనది" అని రాసి సంతకం పెట్టారు. తారీఖు వేశారు. రెండో వరస కింద "లోపము గలదు, అయినను మాట మీద నిలబడు లోపము" అని మెచ్చుకోలుగా రాశారు.

సరిగ్గా అప్పుడే నలభయ్యో ఫొటో పడింది. నత్త తల వానలో తడిసింది. ఏడువేల తొమ్మిదివందల ఇరవయ్యోది! కోడలు పట్టకారు గాల్లోకి ఎగరేసి, మళ్లీ పట్టుకుని, పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ హాల్లో గట్టిగా అరిచింది. "అయిపోయింది అత్తయ్యా!"

అత్తగారు పరిగెత్తుకొచ్చి కోడల్ని వాటేసుకున్నారు. ఆవిడ చూపు మాత్రం టేబుల్ మీదే ఉంది. "అయితే సాయంత్రం దీని ముందు కుర్చీలు వేసుకోవచ్చన్నమాట," అన్నారు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

ఫోన్ మోగింది. భర్త.

"దొరికింది!" అన్నాడు. "నాలుగువేల మంది బాగుందని రాశారు."

"తీసుకో మరి!"

"ఒకాయన మాత్రం బాగాలేదని రాశాడు."

"ఒక్కడేగా!"

"అదే మరి. ఆ నాలుగువేల మందీ 'సూపర్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఈయన పేజీన్నర రాశాడు. చదువుతుంటే మంచిమనిషిలా ఉన్నాడు. పక్క షాపులో కూడా ఒకసారి చూసొస్తా."

అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "ఒరేయ్ రివ్యూల రాయుడూ, నువ్వు పుట్టినప్పుడు నేనెవర్నీ అడక్కుండానే ఇంటికి తెచ్చుకున్నాన్రా. కొనుక్కుని రా!" అని పెట్టేశారు.

కోడలు గడియారం చూసింది. పన్నెండూ ఐదు. సినిమాగా కలపడానికి మూడున్నర గంటలు, పంపడానికి ఒక గంట. భర్త ఏ రెండింటికో వస్తే అయిపోయినట్టే. ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నరకి మొదలుపెట్టాలి.

"మామయ్యా, ఆ పాత డిస్కే ఇవ్వండి. నలభై జీబీ చాలు. సాయంత్రం ఆరుదాకా బతికితే చాలు, తర్వాత దాని ఇష్టం."

మామగారు అక్కడ లేరు. వరండాలోంచి వస్తున్నారు. చేతిలో డ్రిల్లు ఉంది.

"తిరస్కరించిన కొలతని అదే రోజు పనికిరాకుండా చెయ్యాలమ్మా. అది రూలు. లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ వాడతారు. నా సర్వీసులో తప్పుడు తూకపురాళ్లు ఎన్నిటికి చిల్లులు పెట్టించానో."

"ఏవండీ," అన్నారు అత్తగారు, "ఎండిపోయిన పెన్ను పారేయడానికి చెయ్యి రాదు మీకు. దీనికి పది నిమిషాల్లో చిల్లు పెడతారా?"

"రూలు రూలే."

"ఇది మన కంప్యూటరు కదండీ, కిరాణా కొట్టు కాదుగా!"

"మామయ్యా, నాకు ఇంకో దారి లేదు," అంది కోడలు. డిస్కుకీ డ్రిల్లుకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టింది. "లోపమున్నా ఫర్వాలేదు. నాలుగు గంటలు వాడుకుంటా."

"నాలుగు గంటలే కదా అని తప్పుడు కాటా మీద బంగారం తూస్తామా? నూట పన్నెండు! మూడు పరీక్షల్లో ఏడింతలు! దాన్లో నీ సినిమా పెడితే మధ్యలో ఏ సెకనో మాయమైపోతుంది. నత్త ఆకు ఎక్కుతూ ఎక్కుతూ రోడ్డు మీద తేలుతుంది. పోటీ వాళ్లు ఏమనుకుంటారు?"

కోడలు చెయ్యి తియ్యలేదు, కానీ ఆయన చెప్పింది నిజం. ముందుకెళ్తే సగంలో పోవచ్చు, ఆగితే మొత్తం పోతుంది. రెండిట్లో ఏదైనా ఇన్సూరెన్స్ ఆఫీసు కుర్చీ దగ్గరికే తేలుతుంది. ఆ కుర్చీకి ఎడమ చక్రం లేదు కూడా.

మామగారు డిస్కు కేబుల్ పీకబోయారు.

"ఆగండి!" అన్నారు అత్తగారు, ఆపరేషన్ థియేటర్ గొంతుతో. ఆ గొంతు వింటే సర్జన్లు కూడా చేతులు పైకెత్తేవారట. మామగారు డ్రిల్లు పైకెత్తారు. "పోయిందని చెప్పే ముందు నాడి చూడాలి. అదీ రూలే."

బీరువా తెరిచారు. నేత చీరల మడతల కింది నుంచి స్టెతస్కోపు తీశారు. చెవులకి తగిలించుకుని, రెండో కొసని పాత డిస్కు వీపు మీద ఆనించి కళ్లు మూసుకున్నారు. హాలంతా నిశ్శబ్దం. ఇన్నాళ్లూ గుసగుసలకి అలవాటు పడ్డ ఇల్లు కాబట్టి అది ఎవరికీ కష్టమనిపించలేదు.

"తిరుగుతోంది కదూ ఇది?"

"కేబుల్ ఉంది కదత్తయ్యా, తిరుగుతోంది."

"బాగా తిరుగుతోంది. నున్నగా ఉంది శబ్దం." మోచేతి వెనక వైపు డిస్కుకి ఆనించారు, పసిపిల్లల స్నానం నీళ్లు చూసినట్టు. "వేడి కూడా లేదు. ఏవండీ, నూట పన్నెండు చోట్ల పాడైనదానిలా లేదండీ ఇది. నాకన్నా బాగుంది."

"యంత్రాన్ని చెవితో…" అని మామగారు మొదలుపెట్టబోయారు.

అత్తగారు చెయ్యెత్తి ఆపారు. చెవుల్లోంచి స్టెతస్కోపు తీసేశారు. ఇప్పుడు అది లేకుండానే వింటున్నారు. తల పక్కకి వాల్చి, ఒక్కో అడుగూ వేస్తూ గదిలో మూలకి నడిచారు. బల్ల కింద కంప్యూటర్ పెట్టె. దాని ముందు గొంతుక్కూర్చుని, మళ్లీ స్టెతస్కోపు తగిలించి, పెట్టె పక్కరేకు మీద ఆనించారు. రెండు సెకన్లు. ఆవిడ మొహంలో రంగు మారింది.

"అమ్మాయ్, ఇలా రా."

కోడలు పరిగెత్తింది. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంది. లోపల ఫ్యాను హోరు. హోరు వెనక ఏదో గోకుతోంది. టక్. ఆగి, టక్ టక్. ఇంకాస్త ఆగి, తలుపు గడియ పడీ పడనట్టు, టక్ టక్ టక్.

"ఏవండీ," అన్నారు అత్తగారు మెల్లగా లేస్తూ, "ఆ తెర మీది రెండు వరసల్లో ఏదైతే మీరు పాతదన్నారో, దాని చేతి పట్టీ చదివారా?"

"ఏం పట్టీ?"

"టేబుల్ ఎక్కించే ముందు పేషెంటు చేతికున్న పట్టీ చదవాలి. పేరు, నంబరు. ముప్పై ఏళ్లు నేను ప్రతి రోజూ గట్టిగా చదివి వినిపించాను. చదవలేదా?"

కోడలు అప్పటికే పాత డిస్కుని తిరగేసింది. స్టిక్కరు మీద చీమతలకాయలంత అక్షరాల్లో సీరియల్ నంబరు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఐదువందల జీబీవి. తేడా తెలిసేది ఆ నంబరుతోనే. ఒక కన్ను మూసి, గట్టిగా చదివింది. అత్తగారు తెర మీద చూపుడు వేలు పెట్టి పోల్చారు.

వేలు రెండో వరస మీద ఆగింది. డిస్క్ 1. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.

"మామయ్యా," అంది కోడలు. "మీరు ఏది పాతదో ఎలా తేల్చారు?"

మామగారు డ్రిల్లుని కుర్చీలో పెట్టారు. "అక్కడ సున్నా, ఒకటి అని ఉన్నాయి. సున్నా అంటే ఏమీ లేనిది. ఏమీ లేనిది ఖాళీ డిస్కు. ఒకటి అంటే మొదటిది, మన సొంతది. ఇందులో తేల్చడానికేముంది?"

"కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది మామయ్యా. సున్నా అంటేనే మొదటిది."

"ఎక్కడైనా ఉంటుందా అమ్మా! ముప్పై నాలుగేళ్లలో సున్నా నుంచి మొదలయ్యే కొలతబద్దని నేనొక్కటి కూడా…"

ఆగిపోయారు. నోటుబుక్కు మీద పడి ఉన్న స్కేలు వైపు చూశారు. ఆ స్కేలుకి ఎడమ కొసన ఏ అంకె ఉందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ అంకె సరిగ్గా ఉందో లేదో చూడటానికి ప్రభుత్వం ఆయనకి ముప్పై నాలుగేళ్లు జీతం ఇచ్చింది.

"అంటే," అన్నారు చివరికి, "తిరస్కరించింది…"

"నా సినిమా ఉన్న డిస్కుని," అంది కోడలు.

పదహారు, నలభై ఎనిమిది, నూట పన్నెండు! నలభై జీబీ చోటు సంగతి దేవుడెరుగు, ఉన్న ఏడువేల తొమ్మిదివందల ఇరవై ఫొటోలే గది తర్వాత గది మూతపడుతున్న హోటల్లో పడుకుని ఉన్నాయి. వాటిని మూడుసార్లు లేపి పరిగెత్తించారు. ఇంకో కాపీ లేదు. కాపీ చేసి పెట్టుకోమని పద్నాలుగు నెలలుగా కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పింది తనే. ఇన్సూరెన్స్ ఆఫీసులో నేర్చుకున్నది అదొక్కటే, అదీ ఇతరుల విషయంలో.

"అత్తయ్యా, ఎంతసేపు ఆగుతుంది?"

"నన్నడిగితే, ఆగదు. మొత్తం బయటికి తీసెయ్. ఇప్పుడే."

ఫోన్ చేసింది. "ఎక్కడున్నావ్?"

"కొనేశా! బిల్లు దగ్గర క్యూలో ఉన్నా. నా ముందు ముగ్గురున్నారు."

"ఎంతసేపట్లో వస్తావ్?"

"గంట. కానీ పక్క క్యూ తొందరగా కదులుతున్నట్టుంది. దాన్లోకి మారనా?"

ఆమె సమాధానం చెప్పకుండా పెట్టేసింది. అతను ఆ మౌనాన్ని ఏ క్యూకి అనుకూలంగా అర్థం చేసుకున్నాడో మనకి తెలీదు.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. గది మధ్యలో, పదకొండు కవర్లలోంచి బయటపడ్డ పాత డిస్కు, దాని చుట్టూ ముగ్గురు. నిన్నటిదాకా దాని మొహం ఎవరూ చూడలేదు. పది నిమిషాల కిందట దానికి చిల్లు పెట్టబోయారు. ఇప్పుడు దాన్లో పద్నాలుగు నెలలు పెట్టాలా వద్దా?

"ఎనిమిది చోట్ల దెబ్బ తిన్నది," అన్నారు మామగారు. గొంతు బాగా తగ్గింది, ఈసారి నత్త కోసం కాదు. "ముందే నేను తప్పు చెప్పాను. ఇప్పుడు పెట్టమని చెప్పలేను. పెట్టొద్దనీ చెప్పలేను."

"కొత్తది గంటలో వస్తుంది," అన్నారు అత్తగారు. "మచ్చలేనిది. కానీ ఆ పెట్టెలోది గంట ఆగుతుందని నేను రాసివ్వను."

కోడలు నోటుబుక్కు తీసుకుంది. రెండో వరస చూసింది. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. దెబ్బ తిన్నది ఎన్నిచోట్లని కాదు, తిన్న దెబ్బ దగ్గర ఆగిందా లేదా అని. మూడుసార్లు పరిగెత్తించినా ఇది తొమ్మిదనలేదు. మచ్చలేనిది క్యూలో ఉంది. క్యూలో ఉన్న మచ్చలేనిదానికన్నా, చేతిలో ఉన్న ఎనిమిదే నయం.

"మామయ్యా, మీరు మూడుసార్లు కొలవకపోతే ఇది నాకు తెలిసేది కాదు," అంది. "మీ కొలత కరెక్టే. పేరే తారుమారైంది. నేను దీన్నే నమ్ముతున్నా."

మామగారి కళ్లు చెమర్చాయి. అయితే ఆయన ఒక అడుగు ముందుకి కూడా వేశారు. "అయితే కాపీ నేను పెడతానమ్మా. నువ్వెళ్లి కాస్త మంచినీళ్లు తాగు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు."

"వద్దు మామయ్యా, నేనే చేస్తా."

"పర్లేదమ్మా, నువ్వు వెళ్లు, నేను…"

"మీరు జరగండి!" అన్నారు అత్తగారు.

కోడలు కుర్చీలోని డ్రిల్లుని అత్తగారికి అందించి కూర్చుంది. "టోపీ నత్త" ఫోల్డర్ మొత్తం పట్టుకుంది. నాలుగువందల ముప్పై జీబీ. బల్ల కింద టక్ టక్ మంటోంది. పన్నెండూ పదిహేడు. ఇప్పుడు మొదలుపెడితే, ఫొటోలు ఇటు వచ్చేసరికి కొత్తది వస్తుంది, దాని మీద సినిమా కలపొచ్చు, ఐదూ నలభై ఐదుకి పంపొచ్చు. అవుతుంది! ఊపిరి బిగబట్టి, ఫోల్డర్ని పాత డిస్కు మీదికి లాగి వదిలింది.

తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది.

ఈ డిస్కులో "టోపీ నత్త" అనే ఫోల్డర్ ఇప్పటికే ఉంది. దాని స్థానంలో దీన్ని ఉంచమంటారా?

"అదేంటి? రెండుసార్లు లాగానా?" అంది కోడలు.

లాగలేదు. పాత డిస్కు తెరిచి చూసింది. ఖాళీ అని రాసి ఉన్న డిస్కులో ఒకే ఒక్క ఫోల్డర్ ఉంది. టోపీ నత్త. ఎనభై జీబీ. చివరిసారి ముట్టుకున్న తారీఖు ఆరేళ్ల కిందటిది. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్లు.

లోపల మూడు వీడియోలు. ఆకు ఎక్కిన నత్త. టోపీ ఎగిరిపోయిన రోజు. వానలో నత్త.

ఆమె సినిమాలో మూడు భాగాలు. అదే వరసలో. మూడో భాగం, నత్త టోపీ తీసేసి వానలో నిలబడేది, పావుగంట కిందటే పూర్తయింది. దాని సంగతి ఆమె బయట ఒక్కరికి కూడా చెప్పలేదు.

"ఇది ఎవరిది?" అంది.

బల్ల కింద శబ్దం మారింది. టక్ టక్ పోయి, గొలుసు ఈడ్చినట్టు ఒక పొడుగాటి గీర. రెండు నత్తలకీ ఆ డిస్కులో చోటు లేదు. నాలుగువందల ముప్పైకి ఎనభై కలిపితే ఐదువందల పది. ఒకటి ఉండాలంటే ఇంకోటి పోవాలి. తెర మీద రెండే బటన్లు. ఉంచు. వద్దు.

"తుడిచెయ్యమ్మా," అన్నారు మామగారు వెనక నుంచి. "టైమవుతోంది. అందులో ఏమీ లేదు."

కోడలి వేలు మౌసు మీద బిగుసుకుంది. పక్కన అత్తగారు నెమ్మదిగా తల తిప్పి, పెళ్లైన ముప్పై ఎనిమిదేళ్లకి భర్తని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఏవండీ, చూడకుండానే ఎలా చెప్పారు?"